సీతాకోకచిలుక కంటే ముందు పుట్టిన పేరు

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. అరుదైన పేర్ల పుట్టుపూర్వోత్తరాల గురించి మీ సందేహాలు తీర్చడానికి భాషాశాస్త్ర అధ్యాపకులు ఒకరు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ తీసుకుందాం. చెప్పండమ్మా.

మొదటి శ్రోత: నమస్కారమండీ. మా పాపకు వనెస్సా అని పేరు పెట్టాలనుకుంటున్నాము. అది గ్రీకు మాట అనీ, సీతాకోకచిలుక అని అర్థమనీ ఒక పేర్ల జాబితాలో చదివాను. నిజమేనా?

అధ్యాపకులు: కాదమ్మా. రచయిత జొనాథన్ స్విఫ్ట్ తన స్నేహితురాలు ఎస్తర్ వాన్‌హోమ్రీ కోసం కల్పించిన పేరది. ఆమె ఇంటిపేరులోని 'వాన్'కు, ఎస్తర్‌ను ముద్దుగా పిలిచే 'ఎస్సా'ను చేర్చాడు. ఆ పేరుతో ఆయన రాసిన కవిత ఆమె మరణించిన తరువాత, 1726లో అచ్చయింది. కీటక శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ ఒక సీతాకోకచిలుకల ప్రజాతికి ఈ పేరు పెట్టింది 1807లో. అంటే అప్పటికే ఉన్న ఆడపిల్ల పేరు సీతాకోకచిలుకకు దక్కింది. ఒక్క మాటలో అర్థం చెప్పి ఊరుకునే జాబితాలను నమ్మకండి. ఆ పేరు ఏ భాషది, ఏ ముక్కలతో ఏర్పడింది, మొదట ఎక్కడ కనిపించింది అని తప్పక వెతకండి.

మొదటి శ్రోత: అయితే ఈ పేరు మానుకోమంటారా?

అధ్యాపకులు: ఎందుకమ్మా? ఒక మనిషి మీది ఆపేక్షతో, ఆమె పేరులోని అక్షరాలతోనే అల్లిన పేరు అది. నాకు సీతాకోకచిలుక కంటే ఈ కథే ఎక్కువ ఇష్టం. పాప అడిగిన రోజున ఇదే చెప్పండి.

నిర్వాహకురాలు: రెండో శ్రోత లైన్లో ఉన్నారు.

రెండో శ్రోత: మంగోలియా నుంచి వచ్చిన మా సహోద్యోగి పేరు నెర్గుయ్. దానికి 'పేరు లేనివాడు' అని అర్థమని ఎవరో చెప్పారు. అది అవమానకరమైన పేరేమోనని ఆయన్ను అడగలేకపోతున్నాను.

అధ్యాపకులు: అర్థం సరైనదేనండి. 'నెర్' అంటే పేరు, 'గుయ్' అంటే లేని. కానీ అందులో అవమానం లేదు, బిడ్డ దక్కాలన్న ఆరాటం ఉంది. పుట్టిన పిల్లలు వరుసగా చనిపోయిన ఇళ్ళలో, దుష్టశక్తుల కన్ను పడకూడదని మంగోలియన్లు ఇలాంటి పేర్లు పెట్టేవారు. 'ఎనెబిష్' అంటే 'ఇది కాదు'. 'హున్‌బిష్' అంటే 'మనిషి కాదు'. బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన శక్తికి, నీకు కావలసింది ఇక్కడ లేదని తల్లిదండ్రులు పేరుతోనే జవాబు చెబుతున్నారన్నమాట. మీరు అర్థం గురించి నిలదీసినట్టు అడగకుండా, ఆ పేరు ఎవరు పెట్టారని మాత్రం అడగండి. చెప్పాలనిపిస్తే మిగిలింది ఆయనే చెబుతారు.

నిర్వాహకురాలు: చివరి ఫోన్.

మూడో శ్రోత: ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మీది గౌరవంతో మా బాబుకు కోఫీ అని పెట్టాలనుకుంటున్నామండీ.

అధ్యాపకులు: బాబు ఏ వారం పుట్టాడండి?

మూడో శ్రోత: బుధవారం.

అధ్యాపకులు: ఘానాలోని అకాన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి బిడ్డకు పేరు పెడతారు, కోఫీ అంటే శుక్రవారం పుట్టిన మగబిడ్డ. అన్నన్ 1938 ఏప్రిల్ 8న, శుక్రవారం నాడే, కవల సోదరితో కలిసి పుట్టారు. ఆయన పూర్తి పేరులోని 'అట్టా'కు కవల అని అర్థం. బుధవారం పుట్టిన మగబిడ్డను క్వాకు అంటారు.

మూడో శ్రోత: క్వాకు... పలకడానికి తేలికగానే ఉందండీ. ఇంట్లో అందరితో మాట్లాడతాను.