ప్రహరీ గోడ వెంబడి జామచెట్టు: అడుగున్నర సందు చాలు

నమస్కారం. ఇంటికీ ప్రహరీకీ మధ్య సన్నటి సందు ఖాళీగా ఉంటే అందులో జామ పెట్టుకోవచ్చు. గొడుగులా పెరగనివ్వకుండా కొమ్మల్ని గోడ వెంబడే అటూ ఇటూ తీగలకు కడతాం. దీన్ని ఎస్పాలియర్ అంటారు. ఐరోపాలో ఆపిల్, పియర్ చెట్లను ఇలా పెంచుతారు. మనకు జామ నయం. అది కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి కత్తిరించినా కాపు పోదు. మామిడితో మాత్రం ఈ పని పెట్టుకోకండి. దాని పూత ముదిరిన కొమ్మ కొసన వస్తుంది, కొసలు కోస్తూ పోతే ఆకులే మిగులుతాయి.

తూర్పు ఎండ తగిలే గోడ ఎంచుకోండి. పడమటి ఎండ పడే గోడ మే నెలలో రాత్రి దాకా సెగ కక్కుతుంది, ఆకుల అంచులు మాడిపోతాయి.

12 గేజ్ జీఐ తీగ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) మూడు వరసలు కావాలి. నేల నుంచి ఒకటిన్నర, మూడు, నాలుగున్నర అడుగుల ఎత్తులో, గోడకు ఆరంగుళాల ఎడంగా లాగి కట్టండి. గోడకు ఇనుప బ్రాకెట్లు బిగించి, తీగ ఒక చివర టర్న్‌బకిల్ (తిప్పితే తీగను బిగించే మర) పెడితే సాగినప్పుడల్లా బిగించుకోవచ్చు. ప్లాస్టరింగ్ గుల్లగా ఉంటే బ్రాకెట్లు ఊడొస్తాయి. అప్పుడు రెండు చివర్లా ఇనుప పైపులు పాతుకోవడమే మేలు.

జూన్, జులైలో తొలకరి పడ్డాక అంటు మొక్క నాటండి. లక్నో-49, అలహాబాద్ సఫేదా రకాలు రెండూ బాగుంటాయి. గోడకు అడుగు దూరంలో రెండడుగుల లోతు గుంత తీసి, అందులో దొరికే సిమెంటు, సున్నం పెళ్లలన్నీ ఏరేయండి. అవి ఉండిపోతే లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తాయి. అది ఇనుము అందకపోవడం, ఎరువు ఎంత వేసినా తగ్గదు. మట్టిలో 10 కిలోల చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి పూడ్చండి.

మొక్క నిలదొక్కుకున్నాక కాండాన్ని మొదటి తీగకు కాస్త పైన కోసేయాలి. జామలో ప్రతి కణుపు దగ్గరా ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి, అదే మనకు కలిసొస్తుంది. తీగ దగ్గర గోడ వెంబడి అటూ ఇటూ చూసే జంట చిగుళ్లు రెండు చేతులవుతాయి. పై కణుపులో ఒక చిగురు ఉంచితే అది నిలువు కాండం. తక్కినవన్నీ గిల్లేయండి.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. చేతుల్ని మొదటి రోజే అడ్డంగా వంచి కట్టేస్తారు. అడ్డంగా పడుకోబెట్టిన కొమ్మ కొస పెరుగుదల తగ్గించేస్తుంది, వంపు దగ్గర్నుంచి నీటికొమ్మలు (జోరుగా పెరిగే పనికిరాని కొమ్మలు) నిలువుగా లేస్తాయి. అందుకే ముందు వెదురుబద్దకు ఆనించి 45 డిగ్రీల వాలులో కట్టండి. రెండడుగులు సాగాక మెల్లగా తీగ మీదికి దించండి. ఒక చేయి వెనకబడితే దాన్ని కాస్త పైకెత్తి, జోరుగా పోయేదాన్ని ఇంకొంచెం దించండి. కొన్ని వారాల్లో రెండూ సరిసమానమవుతాయి.

వంచే ముందు కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూడండి. లేత జామకొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. పలకలు తెలుస్తున్నంత కాలం వంగుతుంది. గుండ్రమై బెరడు గోధుమరంగుకు తిరిగాక వంచితే మొదలు దగ్గరే చీలుతుంది. కట్టడానికి పురికొస చాలు, 8 అంకెలా మెలివేసి వదులుగా కట్టండి. కొన్నాళ్లకు అదే చివికిపోతుంది కాబట్టి కొమ్మను కోయదు. బైండింగ్ వైరు వద్దు.

నిలువు కాండం రెండో తీగ దాటాక అదే పని, తర్వాత మూడోది. మొదటి ఏడాది పూత తుంచేయండి.

చేతులు నిండాక ఏటా మే నెలలో పక్కకొమ్మల్ని రెండు మూడు కణుపులు ఉంచి కోయండి. వానలకు వచ్చే చిగురు మొదటి కణుపుల్లోనే పూసి, చలికాలంలో కాయలిస్తుంది. వానాకాలపు కాపు కంటే ఇదే రుచి, పండు ఈగ బెడదా తక్కువ. గోడవైపు వచ్చే చిగుళ్లను మాత్రం ఎప్పటికప్పుడు బొటనవేలితో గిల్లేయండి.

కాండం మీద చీమల బారు కనిపిస్తే ఆకుల వెనక పిండినల్లి (తెల్లటి పిండిలా అంటుకుని రసం పీల్చే పురుగు) ఉందేమో వెతకండి. అది దాక్కునేది గోడవైపే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ముందూ వెనకా తడిసేలా కొట్టండి. ఆరంగుళాల ఎడం వదలమన్నది ఇందుకే, స్ప్రేయర్ నాజిల్ అక్కడిదాకా పోవాలి.