నెలకు 20 సెంట్లు

శ్రోతలకు నమస్కారం.

జీతం చీటీలో ఈఎస్ఐ పేరిట పడే కోత మనలో చాలామందికి తెలిసిందే. అలాంటి కోత ఒకటి అమెరికాలో 1798లోనే మొదలైంది. ఆ ఏడాది జూలై 16న అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. జబ్బుపడ్డ ఓడ కళాసీలకు, దెబ్బలు తగిలి పనికి దూరమైనవాళ్లకు వైద్యం చేయించడానికి పుట్టిన చట్టం అది. ఖర్చు మాత్రం వాళ్ల జీతంలోంచే. మనిషికి నెలకు 20 సెంట్లు.

ఎన్నో వృత్తులుండగా కళాసీలకే ఎందుకు? ఆ రోజుల్లో జబ్బు చేస్తే ఇంట్లోవాళ్లు చూసుకోవాలి, ఇంట్లో గతిలేకపోతే ఊరు చూసుకోవాలి. ఊరు చేసే సాయం ఆ ఊరివాళ్లకే. మరి కళాసీది ఏ ఊరు? ఎక్కడో బోస్టన్‌లో పుట్టినవాడు నార్‌ఫోక్ రేవులో జ్వరంతో దిగితే ఎవరు పట్టించుకుంటారు? పైగా వాడికొచ్చింది ఎల్లో ఫీవర్ కావచ్చు. 1793లో ఫిలడెల్ఫియాలో ఆ జ్వరం సుమారు 5,000 మందిని పొట్టనపెట్టుకుంది. ఇంకో కారణమూ ఉంది. 1798లో ఫ్రాన్స్‌తో సముద్రం మీద ప్రకటించని యుద్ధం నడుస్తోంది. కళాసీ లేకపోతే వర్తకం సాగదు, నౌకాదళమూ నడవదు. కాబట్టి ఇదంతా ఉత్త దయ అని నేననుకోను.

ఆలోచన కూడా అమెరికాది కాదు. ఇంగ్లండ్‌లో గ్రీనిచ్ ఆసుపత్రి కోసం 1696 నుంచే నావికుల జీతాల్లో నెలకు ఆరు పెన్నీలు కోసేవారు. అమెరికా వలసగా ఉన్న కాలంలో అక్కడి కళాసీలూ ఆ ఆరు పెన్నీలు కట్టారు.

నాకు ముచ్చటేసేది వసూలు చేసిన పద్ధతి. దీనికోసం కొత్త కచేరీ పెట్టలేదు, కొత్త గుమాస్తాలను వేయలేదు. విదేశాల నుంచి వచ్చిన ఓడ సరుకు దించాలంటే ఎలాగూ కస్టమ్స్ అధికారి దగ్గరికి పోవాల్సిందే. అక్కడే కెప్టెన్ తన ఓడలో ఎంతమంది ఎన్నాళ్లు పనిచేశారో లెక్క చెప్పి, తలకింత చొప్పున కట్టాలి. ఆ సొమ్మును తర్వాత వాళ్ల జీతాల్లో మినహాయించుకుంటాడు. తప్పుడు లెక్క చెబితే 100 డాలర్ల జరిమానా. తీరం వెంబడి తిరిగే ఓడలకైతే ఈ బాకీ తీరిస్తేనే లైసెన్సు. ఎగ్గొట్టడానికి సందే లేదు!

మొదట్లో ఒక చిక్కు ఉండేది. ఏ రేవు ప్రాంతంలో వసూలైన డబ్బు అక్కడే ఖర్చుపెట్టాలన్నారు. కళాసీ మాత్రం కట్టిన చోటే జబ్బుపడతాడా? 1802లో ఆ డబ్బంతా ఒకే నిధిగా కలిపేశారు. న్యూ ఆర్లియన్స్‌కు సరుకు దింపే నది పడవలవాళ్లనూ అందులో చేర్చారు.

బోస్టన్ రేవులోని కాజిల్ ద్వీపంలో తాత్కాలికంగా ఒక ఆసుపత్రి నడిపారు. నార్‌ఫోక్‌లో 1801లో ఒక భవనమే కొన్నారు. తర్వాత చాలా ఊళ్లలో కట్టారు, కొన్ని అవసరం చూసి, కొన్ని రాజకీయ నాయకుల పట్టు చూసి. ఆ గందరగోళాన్ని సర్దడానికి 1870లో మళ్లీ చట్టం చేసి, కోతను 40 సెంట్లకు పెంచారు. మరుసటి ఏడాది జాన్ వుడ్‌వర్త్ అనే వైద్యుణ్ని అన్నిటి మీదా పెద్దగా నియమించారు. ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే ఈనాటి అమెరికా సర్జన్ జనరల్ పదవికి మూలం అదే. 1887లో స్టాటెన్ ద్వీపంలోని కళాసీల ఆసుపత్రిలో జోసెఫ్ కిన్యూన్ పెట్టిన ఒక్కగది ప్రయోగశాలే పెరిగి పెరిగి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ అయిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ అయింది.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. మన ఈఎస్ఐలో యజమాని వాటా ఉద్యోగి వాటా కన్నా ఎక్కువ. అక్కడ అన్నేళ్లూ ఓడ యజమాని చేతి నుంచి ఒక్క సెంటు కదల్లేదు. 1884లో గానీ కళాసీ జీతం మీద కోత ఎత్తేయలేదు. బదులుగా ఓడల టన్నేజీ, అంటే మోత సామర్థ్యం, మీద వేసే పన్నుతో ఆసుపత్రులు నడిపారు. 1906 నుంచి ఖజానాయే భరించింది. వర్తక నౌకల కళాసీలకు ఆ ఉచిత వైద్యం 1981 దాకా సాగింది. ఆ ఏడాది ప్రభుత్వం ఖర్చు తగ్గింపులో భాగంగా దాన్ని ఆపేసి, మిగిలిన ఆసుపత్రులను వదిలించుకుంది.

నమస్కారం.