యాంటీవైరస్ కొనే ముందు డిఫెండర్‌లో ఈ ఒక్క లిస్టు చూడండి

నమస్తే అండీ. బెంగళూరు మారతహళ్ళి చుట్టుపక్కల పీజీ హాస్టళ్ళలో మనవాళ్ళు ఎవరు కొత్త సిస్టమ్ తీసుకున్నా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఏ యాంటీవైరస్ వేయించమంటావ్?" జవాబు మొదట్లోనే చెప్పేస్తాను, తొందరున్నవాళ్ళు వినేసి వెళ్ళిపోవచ్చు. ఒరిజినల్ విండోస్ 11 ఉండి, అప్‌డేట్లు సరిగ్గా పడుతుంటే, ఇంట్లో వాడుకునేవాళ్ళలో చాలామంది ఏమీ కొనక్కర్లేదు. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్, ఫైర్‌వాల్ సరిపోతాయి. అయితే ఆ "ఒరిజినల్" దగ్గరే గొడవంతా ఉంది. అందుకే ప్రొడక్టుల కంటే ముందు దాని సంగతి చూద్దాం.

ఆఫీసు లాప్‌టాప్ అయితే మాత్రం ఈ వీడియో మీకు కాదు. అందులో ఏముండాలో మీ ఐటీ టీమ్ చూసుకుంటుంది. సొంతంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి.

సరే, స్క్రీన్ చూడండి. స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేశాను. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో మేనేజ్ సెట్టింగ్స్, కిందికంటా వస్తే ఎక్స్‌క్లూజన్స్. "ఈ ఫోల్డర్ల జోలికి వెళ్ళకు" అని డిఫెండర్‌కి చెప్పే లిస్టు ఇది. మీరు ఎప్పుడూ ఏదీ పెట్టకపోతే ఖాళీగా ఉండాలి. ఈ సిస్టమ్‌లో ఏముందో చూడండి. సీ డ్రైవ్! డ్రైవ్ మొత్తం!

ఇది మా ఫ్రెండ్‌ది, చూపించుకోమని వాడే ఇచ్చాడు. అసెంబుల్ చేయించిన సిస్టమ్. ఏ షాపులో చేయించాడన్నది అనవసరం, ఎందుకంటే ఈ పద్ధతి ఒక్క షాపుది కాదు. జరిగేది ఇదీ. లైసెన్స్ కొనకుండా విండోస్ వేస్తారు, దాన్ని యాక్టివేట్ చేయడానికి ఒక క్రాక్, అంటే లైసెన్స్ ఉన్నట్టు నమ్మించే దొంగ ప్రోగ్రామ్, వాడతారు. డిఫెండర్ ఆ క్రాక్‌ని పట్టుకుని తీసేస్తుంది. రేపు మీరు మళ్ళీ షాపుకి రాకుండా ఉండాలంటే, డిఫెండర్ కళ్ళు మూయాలి కదా. అందుకని సీ డ్రైవ్‌ని ఎక్స్‌క్లూజన్స్‌లో పెట్టేస్తారు. ఆ తర్వాత అక్కడికి ఏ ఫైల్ వచ్చినా డిఫెండర్ పట్టించుకోదు. కింద టాస్క్‌బార్‌లో మాత్రం పచ్చ టిక్కు అలాగే ఉంటుంది. పైగా బిల్లు రాసేటప్పుడు "సార్, యాంటీవైరస్ కూడా తీసుకోండి, విండోస్‌ది వేస్ట్" అంటారు. వేస్ట్ చేసింది ఎవరో మరి!

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే పరీక్ష పెడదాం. ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఒకటుంది. వట్టి 68 అక్షరాలు, దాంతో ఏ హానీ లేదు. యాంటీవైరస్ మేలుకునే ఉందా లేదా చూసుకోవడానికే అందరూ ఒప్పుకుని పెట్టుకున్న ఫైల్. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి డెస్క్‌టాప్ మీద సేవ్ చేస్తున్నాను. చూశారా, కిమ్మనలేదు. ఇప్పుడు ఎక్స్‌క్లూజన్స్‌లోంచి సీ డ్రైవ్ తీసేసి మళ్ళీ సేవ్ చేస్తున్నా. అదిగో నోటిఫికేషన్, థ్రెట్ ఫౌండ్ అని. ఫైల్ మాయం. సాఫ్ట్‌వేర్ అదే, సిస్టమ్ అదే.

మరి లిస్టులోంచి తీసేస్తే పనైపోయినట్టేనా? కాదండీ. ఇన్నాళ్ళూ తలుపు తీసే ఉంది, లోపల ఏం చేరిందో తెలియదు. నా సలహా, డేటా వరకు బ్యాకప్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, విండోస్ కొత్తగా వేసుకోండి. యాంటీవైరస్‌కి పెడదామనుకున్న డబ్బు లైసెన్స్‌కి పెట్టండి.

ఇంతకీ దేని గురించి భయపడుతున్నాం మనం? వైరస్ అనగానే సిస్టమ్ స్లో అవడం, ఫైళ్ళు ఎగిరిపోవడం అనుకుంటాం. ఇప్పటివాటిలో చాలా వాటికి మీ సిస్టమ్‌ని పాడుచేయడంతో పని లేదు. ఇన్ఫోస్టీలర్లు అంటారు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు ఎత్తుకుపోతాయి. కుకీ అంటే మీరు లాగిన్ అయ్యే ఉన్నారని సైటుకి చెప్పే చిన్న ఫైల్. కుకీ దొరికిందంటే ఓటీపీ కూడా అడక్కుండానే మీ అకౌంట్‌లోకి దూరే అవకాశం ఉంది. లుమ్మా అని ఇలాంటిదే ఒకటి. 2025 మార్చి, మే మధ్య రెండు నెలల్లోనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో ఇది చేరినట్టు మైక్రోసాఫ్ట్ లెక్క తేల్చింది. ఎలా వస్తుంది? క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. లేదంటే "మీరు రోబో కాదని నిరూపించండి" అంటూ ఒక పేజీ వస్తుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, పేస్ట్ చేయండి, ఎంటర్ కొట్టండి అంటుంది. అలా చేశారంటే దాన్ని మీ చేత్తో మీరే రన్ చేసినట్టు. అప్పుడు ఎంత ఖరీదైన యాంటీవైరస్ ఉన్నా పట్టుకుంటుందన్న గ్యారంటీ లేదు. నిజమైన క్యాప్చా ఏదీ మిమ్మల్ని కీబోర్డులో విండోస్ కీ నొక్కమనదు.

ఇక ఫైర్‌వాల్. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్, అంటే తనంతట తనే సిస్టమ్ నుంచి సిస్టమ్‌కి పాకే వైరస్, వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌ని నెట్‌కి కలిపితే చాలు, మీరు దేన్నీ క్లిక్ చేయకుండానే దూరిపోయేది. 60 సెకన్లలో షట్‌డౌన్ అంటూ కౌంట్‌డౌన్ బాక్సు వచ్చేది. నెట్ సెంటర్ల కాలం చూసినవాళ్ళకి గుర్తుంటుంది. అప్పటికే ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది, కానీ ఆఫ్‌లో ఉండేది! 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2తో దాన్ని మామూలుగానే ఆన్‌లో ఉంచడం మొదలుపెట్టారు.

అది పనిచేసే తీరు మన పీజీ వాచ్‌మన్ లాంటిది. బయటినుంచి వచ్చేవాళ్ళని గేటు దగ్గర ఆపుతాడు. లోపల్నుంచి వెళ్ళేవాళ్ళని ఎక్కడికని అడగడు. విండోస్ ఫైర్‌వాల్ కూడా అంతే, మీరు అనుమతించని ఇన్‌కమింగ్ కనెక్షన్లని ఆపుతుంది, అవుట్‌గోయింగ్‌ని మామూలుగా వదిలేస్తుంది.

పీజీలో ఉండేవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. బిల్డింగ్ మొత్తానికి ఒకటే వైఫై. పక్క రూమ్ కుర్రాడి సిస్టమ్‌లో ఏముందో మీకు తెలియదు, కానీ మీరిద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారు. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ప్రాపర్టీస్. ఇక్కడ పబ్లిక్, ప్రైవేట్ అని రెండున్నాయి. పీజీ వైఫైకి పబ్లిక్ పెట్టండి. "నా రూమ్ కదా" అని ప్రైవేట్ పెట్టేవాళ్ళు చాలామంది. ప్రైవేట్ పెడితే మీ సిస్టమ్ నెట్‌వర్క్‌లో మిగతావాళ్ళకి కనిపిస్తుంది, ఫైల్ షేరింగ్‌కి దారి దొరుకుతుంది. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే రకం, ఆ ఫైల్ షేరింగ్ దారినే పట్టుకుని ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. దాన్ని ఆపే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ వేసుకోనివాళ్ళే దొరికిపోయారు.

విడిగా ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ కావాలా అంటే, నాకైతే అక్కర్లేదనే అనిపిస్తుంది. ప్రతి కనెక్షన్‌కీ పర్మిషన్ అడిగే రకం పెట్టుకున్నారనుకోండి, "ఎస్‌వీసీహోస్ట్ నెట్‌కి వెళ్తానంటోంది, పంపాలా?" అని అడుగుతుంది. మీకేం తెలుసు? నాకేం తెలుసు? నాలుగు రోజులకి విసుగొచ్చి అన్నిటికీ అలవ్ కొట్టేస్తారు. ఏ ప్రోగ్రామ్ ఎక్కడికి వెళ్తోందో చూడాలన్న కుతూహలం ఉంటే గ్లాస్‌వైర్ పెట్టుకోండి, గ్రాఫ్ వేసి చూపిస్తుంది. అవుట్‌గోయింగ్ కూడా నిజంగా కట్టడి చేయాలంటే టైనీవాల్ ఉంది. ఉచితం, పాపప్‌లతో విసిగించదు, మీరు ఒప్పుకున్న ప్రోగ్రామ్‌లనే బయటికి పోనిస్తుంది. మొదట్లో లిస్టు కట్టుకునే ఓపిక మాత్రం ఉండాలి.

ఇప్పుడు ప్రొడక్టులు, కాస్త స్పీడుగా. నేను మార్కులు వేసుకునే ముందు రెండు ల్యాబ్‌ల రిపోర్టులు చూస్తాను. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారేటివ్స్. వాటిలో బిట్‌డిఫెండర్, కాస్పర్‌స్కీ ఎప్పుడూ పైవరసలో ఉంటాయి. డిఫెండర్ కూడా కొన్నేళ్ళుగా ఏవీ-టెస్ట్‌లో టాప్ మార్కులు తెచ్చుకుంటోంది. కాస్పర్‌స్కీ రష్యా కంపెనీ, దేశభద్రత కారణం చూపి 2024లో అమెరికా తన దగ్గర దాని అమ్మకాలు ఆపేసింది. మన దగ్గర దొరుకుతుంది. బిట్‌డిఫెండర్ ఉండగా ఆ తలనొప్పి ఎందుకని నేను దాన్ని సూచించను.

నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా నాలుగిటినీ పక్కపక్కన పెట్టి పోల్చే వీడియోలు చూస్తే నవ్వొస్తుంది. ఆ నాలుగూ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి. ఉచితం అని ఎగబడేవాళ్ళకి ఇంకో మాట. వాడేవాళ్ళ బ్రౌజింగ్ వివరాలు జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా అమ్మిన కేసులో అవాస్ట్ 2024లో అమెరికాలో 1.65 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

మరి డబ్బులు పెట్టి కొనడం ఎవరికి న్యాయం? మా బాబాయికి ప్రొద్దుటూరులో ఎరువుల షాపు ఉంది. ట్యాలీ సిస్టమ్, నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచి, అదీ ఉంటే ఉంది లేకపోతే లేదు. ఆడిటర్ దగ్గరికి, జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ తిరుగుతూనే ఉంటుంది. డిఫెండర్ బలం చాలావరకు క్లౌడ్‌లో ఉంది. నెట్ లేనప్పుడు అది పట్టుకునే శాతం తగ్గుతుందని ఏవీ-కంపారేటివ్స్ పరీక్షల్లోనే కనిపిస్తుంది. అలాంటి చోట కొనండి, తప్పులేదు. చెన్నైకి చెందిన కే7, పుణెకి చెందిన క్విక్ హీల్ రెండూ మన ఊళ్ళలో దొరుకుతాయి, సర్వీసుకి మనిషి దొరుకుతాడు. పాత సిస్టమ్ అయితే నా ఓటు కే7కి. తేలికగా నడిచేవాటిలో ఒకటిగా ల్యాబ్ పరీక్షల్లో చాలాసార్లు వచ్చింది. క్విక్ హీల్ తీసుకుంటే మామూలు యాంటీవైరస్ ప్రో చాలు. టోటల్ సెక్యూరిటీ దాకా వెళ్ళాలంటే అందులోని అదనపు ఫీచర్లు నిజంగా వాడతారా అని ఒకసారి ఆలోచించుకోండి.

విండోస్ 10లోనే ఉన్నవాళ్ళు అడుగుతారు, మంచి యాంటీవైరస్ వేస్తే నెట్టుకురావచ్చా అని. 2025 అక్టోబర్ 14తో దాని సపోర్ట్ అయిపోయింది. డిఫెండర్‌కి వైరస్ లిస్టుల అప్‌డేట్ 2028 దాకా ఇస్తామన్నారు, అది వేరే సంగతి. విండోస్‌లోనే కన్నం పడితే దాన్ని పూడ్చేది విండోస్ అప్‌డేటే. ఏ యాంటీవైరసూ ఆ పని చేయదు.

రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వద్దు. ఇవి సిస్టమ్‌లో బాగా లోతుగా కూర్చునే ప్రోగ్రామ్‌లు. 2024 జులై 19న ఎయిర్‌పోర్టుల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, గుర్తుందా? కంపెనీలు వాడే క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క తప్పు అప్‌డేట్ వల్ల 85 లక్షల సిస్టమ్‌లు కుప్పకూలాయి. అలాంటివి రెండు ఒకేచోట కొట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. బయటిది వేస్తే డిఫెండర్ తనంతట తనే పక్కకి తప్పుకుంటుంది. అయితే బయటిదాని గడువు అయిపోయాక డిఫెండర్ తిరిగి ఆన్ అయిందో లేదో ఒకసారి చూసుకోండి. కొత్త లాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్స్‌తో ఈ తంటా ఉంటుంది. వాడనని తేలితే మొదటి రోజే అన్ఇన్‌స్టాల్ చేసేయండి.

కొనేటప్పుడు రేటు కంటే ముందు రెన్యువల్ రేటు చూడండి. మొదటి ఏడాది భారీ డిస్కౌంట్, రెండో ఏడాది కార్డు నుంచి పూర్తి ధర కట్. పేమెంట్ అవగానే అకౌంట్‌లోకి వెళ్ళి ఆటో రెన్యువల్ ఆపేయండి. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం డబ్బు కట్ అయ్యే ముందు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, దాన్ని స్పామ్ అనుకుని వదిలేయకండి.

డిఫెండర్‌తోనే ఉండేవాళ్ళు రెండు సెట్టింగులు చూసుకోండి. టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉండాలి, వేరే ప్రోగ్రామ్‌లు డిఫెండర్ సెట్టింగులు మార్చకుండా అది ఆపుతుంది. రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి. తెలియని ప్రోగ్రామ్‌లు మీ ముఖ్యమైన ఫోల్డర్లలో ఫైళ్ళు మార్చకుండా ఇది అడ్డుకుంటుంది. మొదట్లో కొన్ని మంచి ప్రోగ్రామ్‌లని కూడా ఆపుతుంది, వాటిని అలవ్ చేసుకుంటే సరి.

చివరగా, ఇప్పటికే ఏదో దూరిందని టెన్షన్ పడుతున్నవాళ్ళకి. ముందు వైఫై తీసేయండి. పాస్‌వర్డ్‌లు ఆ సిస్టమ్‌లో మార్చొద్దు, ఫోన్‌లో మార్చండి. మొదట జీమెయిల్, తర్వాత బ్యాంకు. జీమెయిల్‌లో మిగతా డివైస్‌లన్నిటినీ సైనౌట్ చేయండి. ఆ తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ చేస్తుంది. ప్రభుత్వానిది సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్ ఉంది, అందులో కూడా బాట్ రిమూవల్ టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పోయి ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

వచ్చే వీడియోలో ఎస్పీ రోడ్‌లో రూటర్లు చూద్దాం. ఉంటానండీ.