గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్: రోడ్డు ఆగిన చోట మొదలయ్యే అడవి

నమస్కారం. హిమాచల్ ప్రదేశ్‌లోని కులు జిల్లా అనగానే మనలో చాలామంది నేరుగా మనాలికి టికెట్ తీస్తారు. ఈసారి ఆ బస్సులోంచి ఔట్ అనే ఊరి దగ్గరే దిగిపోండి. అక్కడి నుంచి బంజార్ మీదుగా గుషైనీ చేరితే తీర్థన్ నది పక్కన పార్కు వైపు నడక మొదలవుతుంది.

ముందే చెబుతున్నాను, పార్కు లోపల వాహనాలు తిరిగే రోడ్డు లేదు. జీపు సఫారీ లేదు, హోటల్ లేదు. నాకు ఇదే దీని గొప్ప గుణం. చిన్నపిల్లలతోనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దలతోనో వచ్చేవారు గుషైనీలో నది ఒడ్డున ఉండిపోవడమే మేలు.

విస్తీర్ణం సుమారు 754 చదరపు కిలోమీటర్లు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తీర్థన్, సైంజ్, జీవానాల్, పార్వతి లోయల నీరంతా చివరికి బియాస్ నదిలోకే వెళుతుంది. కింద దేవదారు, ఓక్ చెట్లు. పైకి వెళ్లేకొద్దీ భూర్జ వృక్షాలు, ఆపైన స్థానికులు థాచ్ అని పిలిచే పచ్చికబయళ్లు. వాటిని దాటితే హిమానీనదాలు, ఆరు వేల మీటర్లు మించిన శిఖరాలు.

ఒక్క రోజే ఉంటే రోల్లా దాకా వెళ్లి రావచ్చు. దారి బాగుంటుంది, కానీ అది లోతైన లోయ. మంచుకొండలు కనిపించలేదని అక్కడ విసుక్కుంటే తప్పు లోయది కాదు. వాటి కోసం నిట్టనిలువు దారిలో శిల్ట్ వరకు, వీలైతే ఇంకా పైకి ఎక్కాలి. అందుకు గుడారం, తిండి సామాను, గైడు, అన్నీ కావాలి.

జుజురాణా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. హిమాచల్ రాష్ట్ర పక్షి అయిన ఈ వెస్టర్న్ ట్రాగోపాన్ దట్టమైన పొదల చాటునే తిరుగుతుంది. రోజుల తరబడి నడిచినవారికి కూడా కనిపించకపోవచ్చు.

గైడుల దగ్గర, సామాను మోసేవారి దగ్గర బేరాలాడకండి. 1999లో దీన్ని జాతీయ పార్కుగా ప్రభుత్వం తుదిగా ప్రకటించాక, లోపల గొర్రెలు మేపుకొనే, మూలికలు ఏరుకొనే హక్కులు చుట్టుపక్కల ఊళ్లవారికి పోయాయి. ట్రెక్కింగ్ మీద వచ్చే కూలి వారిలో చాలామందికి ఇప్పుడొక ఆధారం.

మే, జూన్ లేదా అక్టోబరులో వెళ్లండి. జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడతాయి, జలగలూ ఉంటాయి. అనుమతి పత్రం తప్పనిసరి. గుషైనీకి ముందే వచ్చే సాయి రోపాలో పార్కు కార్యాలయం ఉంది, వెళ్లేటప్పుడే అక్కడ ఆగండి.