కింది తరగతి పాఠానికి తోవ

శ్రోతలకు నమస్కారం.

పాఠం ఆకాశంలోంచి దిగి రావడం మనకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే నాసా ఉపగ్రహం సాయంతో మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. రేడియోలో బడి పాఠాలు విన్నవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలోనూ ఉండే ఉంటారు. 2020లో కరోనాతో బడులు మూతపడితే సప్తగిరి, యాదగిరి, టీ-శాట్ చానళ్లు పాఠాలు చెప్పాయి. అన్నిటితోనూ ఒకటే చిక్కు: పాఠం మన కోసం ఆగదు. కరెంటు పోయినా, అమ్మ కేకేసినా, మాస్టారు తన మానాన తాను చెప్పుకుపోతారు. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే అనుకోండి.

ఇంటర్నెట్‌లో పాఠం ఆగుతుంది, వెనక్కి కూడా వెళ్తుంది. 2016లో జియో వచ్చి డేటా ధరలు పడిపోయాక ఈ సౌకర్యం పల్లె పిల్లలకూ అందింది. కోడింగ్, రోబోలు, పై చదువులు అంటూ నెట్ పిల్లల్ని ఎంత ముందుకు తీసుకెళ్తుందో అందరూ చెబుతున్నారు. నాకు మాత్రం అది వాళ్లను వెనక్కి తీసుకెళ్లడమే పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

పదో తరగతి లెక్కల్లో థేల్స్ సిద్ధాంతమే తీసుకోండి. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన గీత మిగతా రెండు భుజాల్ని ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది. నిరూపణ నాలుగైదు మెట్లే. మధ్యలో ఒక చోట, "ఈ రెండు త్రిభుజాలూ ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్నాయి కాబట్టి వైశాల్యాలు సమానం" అని రాసి టీచరు ముందుకు వెళ్లిపోతారు. చాలామంది పిల్లలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. ఆ ముక్క కింది తరగతుల్లో వైశాల్యాల పాఠంలోది. అది అప్పుడు తలకెక్కకపోతే, ఇప్పుడు చెయ్యెత్తి అడగగలరా? "ఇన్నాళ్లూ ఏం వెలగబెట్టావ్?" అంటారని భయం. పక్కనున్నవాళ్లు నవ్వుతారని సిగ్గు. అందుకే నిరూపణ మొత్తం బట్టీ కొట్టేస్తారు. పరీక్షలో ఏ, బీ, సీ బదులు పీ, క్యూ, ఆర్ అని ఇస్తే చేతులెత్తేస్తారు.

అదే ఫోనులో అయితే ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. పాఠం ఆపి, వైశాల్యాల వీడియో వెతుక్కుని, పది నిమిషాలు చూసి మళ్లీ థేల్స్ దగ్గరికి రావచ్చు. అక్కడా అర్థం కాకపోతే ఇంకో తరగతి కిందికి దిగొచ్చు. ఎన్నిసార్లు అడిగినా ఆ మాస్టారు విసుక్కోరు. ట్యూషన్‌కు డబ్బు కట్టలేని ఇంట్లో ఇది చిన్న మేలు కాదు.

అయితే ఏ పాఠానికి వెనక్కి వెళ్లాలో పిల్లకు ఎవరు చెబుతారు? 2017లో కేంద్రం 'దీక్ష' అనే ఆన్‌లైన్ పాఠాల వేదికను మొదలుపెట్టాక, పాఠ్యపుస్తకాల్లో నల్లచుక్కల క్యూఆర్ గడులు వచ్చాయి. ఫోనుతో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు తెరుచుకుంటాయి. బాగానే ఉంది. కానీ తనకు రానిది ఆ పాఠం కాదు, దాని కింద ఉన్నది అన్న సంగతి పిల్లకే తెలియదాయె. పోనీ తనే వెతుకుదామంటే, "ఈ పది ప్రశ్నలు చదివితే పాస్ గ్యారంటీ" అన్న వీడియోలు ముందు వరసలో కూచుంటాయి. మార్చి నెల టెన్షన్‌లో వాటిని చూసే పిల్లల్ని నేను తప్పుపట్టను. జూన్‌లోనే వాటితో మొదలుపెడితేనే నాకు బాధ.

ఇక్కడ టీచరు పని తగ్గలేదు, మారింది. థేల్స్ సిద్ధాంతం ఉండే సరూప త్రిభుజాల పాఠం మొదలుపెట్టే రోజున బోర్డు మీద ఒక మూల "నిష్పత్తులు, సమాంతర రేఖలు, వైశాల్యాలు: ఇవి ముందు చూసుకోండి" అని రాస్తే చాలు. ఎవరికి ఏది రాదో నలుగురిలో తేల్చక్కర్లేదు. రానివాళ్లు ఇంటికెళ్లి చూసుకుంటారు.

ఇంటికెళ్లాక ఫోను దొరకాలి కదా! చాలా ఇళ్లలో మంచి ఫోను ఒక్కటే, అదీ నాన్నది. ఆయన పని నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. చార్జింగు అడుగంటి ఉంటుంది, ఆ రోజు డేటా సగం అయిపోయి ఉంటుంది. ముందు అన్నయ్య తీసుకుంటాడు, చెల్లెలి వంతు వచ్చేసరికి నిద్ర ముంచుకొస్తుంది. ఈ వరస మార్చడం ఏ ప్రభుత్వం చేతిలోనూ లేదు.

తల్లిదండ్రులకు ఇంకొక్క మాట. పదో తరగతి పిల్ల ఏడో తరగతి భిన్నాల వీడియో చూస్తూ కనబడితే కంగారుపడకండి, ఫోను లాక్కోకండి. ఆమె సరైన చోటే ఉంది. వీడియో చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది కాబట్టి, అయ్యాక కాగితం, పెన్ను ఇచ్చి ఒక లెక్క చేయమనండి. ఎలా చేసిందో మీకు చెప్పమనండి. మీకు భిన్నాలు రాకపోయినా ఫరవాలేదు. తడబడిన చోట ఆగి, ఆ ముక్క మళ్లీ చూసి వస్తుంది.

సెలవు.