కోస్తే పెరిగే పుండు

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒక్క జబ్బు గురించే మాట్లాడతాను. మీలో చాలామంది దాని పేరు విని ఉండరు. ఏడాదికి పది లక్షల మందిలో కొత్తగా ముగ్గురి నుంచి పదిమందికి మాత్రమే వస్తుంది కాబట్టి వినకపోవడంలో వింతేమీ లేదు. డాక్టర్లలో కూడా చాలామంది తమ సర్వీసు మొత్తంలో ఒకటో రెండో కేసులు చూసి ఉంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు, తెలియకపోతే ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు. తెలియనప్పుడు మనం మంచి ఉద్దేశంతో చేసే పనే దీనికి ఆజ్యం పోస్తుంది.

పేరు పయోడెర్మా గ్యాంగ్రినోసమ్. మేం పొట్టిగా పీజీ అంటాం. ఒకసారి కొత్తగా చేరిన హౌస్ సర్జన్‌తో "ఈవిడకి పీజీ" అంటే, "ఏ సబ్జెక్టులో సార్?" అని అడిగాడు.

ఆవిడ సంగతే చెబుతాను. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. యాభై దాటిన ఆవిడ. ఒకరోజు పొద్దున్నే కుడి పిక్క మీద చిన్న ఎర్రటి పొక్కు కనిపించింది. పురుగేదో కుట్టిందనుకున్నారు. మర్నాటికి అందులో చీములాంటిది చేరింది, ఆ మర్నాడు పగిలింది. వారం తిరిగేసరికి సగం అరచేయంత పుండయింది. సెగగడ్డ అని యాంటిబయాటిక్స్ ఇచ్చారు, తగ్గలేదు. మందు మార్చారు, అయినా తగ్గలేదు. చచ్చిన కండ పేరుకుంది, తీసేస్తే మానుతుందని థియేటర్‌కి తీసుకెళ్లి అంచులు కోసి శుభ్రం చేశారు. ఆ సర్జన్‌ని తప్పు పట్టను. మామూలు పుండుకి ఏం చేయాలో అదే చేశారు. మూడు రోజుల్లో పుండు కోసిన హద్దు దాటి మరో రెండు వేళ్ల మేర పాకింది. జ్వరం వచ్చింది, రక్తంలో తెల్లకణాలు పెరిగాయి. ఇన్ఫెక్షన్ లోపలికి దిగిందనుకుని మళ్లీ కోశారు, మళ్లీ పాకింది. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్న మాట వచ్చాక మమ్మల్ని, అంటే చర్మవైద్యుల్ని, పిలిచారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం కదా. ఈ జబ్బులో అది సామెతగా మిగలదు, ఒంటి మీద జరుగుతుంది. చిన్న దెబ్బ, సూదిపోటు, ఆపరేషన్ గాటు, ప్లాస్టర్ పీకినప్పుడు లేచిపోయిన చర్మం, వీటిలో ఏదైనా సరే, అక్కడ కొత్త పుండు లేవచ్చు, ఉన్నది పెరగవచ్చు. దీన్ని పాథర్జీ అంటారు. అందరు రోగుల్లోనూ కనిపించదు. కానీ ఎవరిలో ఉందో ముందే తెలియదు కాబట్టి అందరిలోనూ ఉందనుకునే నడుచుకుంటాం.

నేను వెళ్లి మొదట చూసింది పుండు మధ్యభాగాన్ని కాదు, అంచుని. వంకాయ రంగులో, కమిలినట్టు, కాస్త ఉబ్బి ఉంది. అంచు కిందంతా డొల్ల. ఏరు ఒరుసుకుపోయిన గట్టు చూడండి, పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, అడుగున మట్టి ఉండదు. సరిగ్గా అలా ఉంటుంది. ఈ రోజు అంచున వేలాడుతున్న చర్మం రేపటికి కూలి పుండులో కలిసిపోతుంది. ఉద్ధృతంగా ఉన్నప్పుడు రోజుకి సెంటీమీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పాకుతుంది.

రెండోది నొప్పి. షుగర్ వల్ల స్పర్శ పోయి వచ్చే పాదం పుండు ఎంత లోతుగా ఉన్నా చాలాసార్లు నొప్పే ఉండదు. ఇక్కడ పుండు సైజుకీ నొప్పికీ పొంతన ఉండదు. ఆవిడ కాలి మీద దుప్పటి ఆననిచ్చేవారు కాదు. డ్రెస్సింగ్ ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తే చాలు ఏడుపు మొదలయ్యేది. నర్సులు ఓర్పు లేని మనిషి అనుకున్నారు. ఓర్పు సంగతి కాదు, ఆ జబ్బు నొప్పే అంత. అంత నొప్పి ఎందుకని ఎవరైనా ఆగి ఆలోచించి ఉంటే రెండో ఆపరేషన్ తప్పేదేమో.

మరి లోపల ఏం జరుగుతోంది? మన రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలుంటాయి. సూక్ష్మజీవి జొరబడితే ముందుగా చేరుకునేవి ఇవే. వాటి దగ్గర కణజాలాన్ని కరిగించే ఎంజైములుంటాయి. ఈ జబ్బులో న్యూట్రోఫిల్స్ పిలవని పేరంటానికి గుంపులుగా వచ్చి, ఎదుట సూక్ష్మజీవి లేకపోయినా ఆ ఎంజైముల్ని కుమ్మరిస్తాయి. దాంతో కరిగేది మన సొంత చర్మమే. పైగా ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-8, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయన సంకేతాలు ఇంకొన్ని కణాల్ని రప్పిస్తాయి. అవి వచ్చి మళ్లీ అదే పని చేస్తాయి. ఇప్పుడు అక్కడ కత్తి పెట్టారనుకోండి. గాయమైన చోటికి న్యూట్రోఫిల్స్‌ని పిలవడం శరీరం సహజ గుణం. ఉన్న గుంపుకి మరో గుంపు తోడవుతుంది. ఆవిడకి జ్వరం వచ్చిందీ తెల్లకణాలు పెరిగిందీ అందుకే. పొక్కు తొలిదశలో చీములా కనిపించినదాన్ని కల్చర్‌కి పంపినా చాలాసార్లు ఏ బ్యాక్టీరియా పెరగదు. తెరిచి ఉన్న పుండు మీదికి తర్వాత బ్యాక్టీరియా వచ్చి చేరవచ్చు, రిపోర్టులో ఏదో ఒక పేరు రావచ్చు. వచ్చిన ప్రతి పేరూ జబ్బుకి కారణం కాదు.

కొన్ని కుటుంబాల్లో పీఎస్‌టీపీఐపీ1 అనే జన్యువులో మార్పు వల్ల కీళ్లవాపులు, తీవ్రమైన మొటిమలు, ఈ పుండ్లు కలిసి వస్తాయి. అది మరీ అరుదు. కానీ ఇది సూక్ష్మజీవుల జబ్బు కాదు, రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం వల్ల వచ్చేదని నమ్మడానికి అలాంటి కుటుంబాలు బాగా పనికొచ్చాయి. కాబట్టి ఇది అంటుకోదు. పక్కన పడుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు.

ఇక పేరు విషయం. దీన్ని 1916లో ఫ్రెంచ్ చర్మవైద్యుడు లూయీ బ్రోక్ వర్ణించాడు. ఇప్పుడున్న పేరు 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు బ్రన్‌స్టింగ్, గోకర్‌మాన్, ఓ'లియరీ పెట్టింది. పయోడెర్మా అంటే చీము పట్టిన చర్మం. గ్యాంగ్రిన్ సంగతి మీకు తెలిసిందే. వాళ్లు ఇది ఇన్ఫెక్షన్ అనే అనుకున్నారు. నిజానికి ఇది ఇన్ఫెక్షనూ కాదు, గ్యాంగ్రినూ కాదు. పేరులో రెండు ముక్కలుంటే రెండూ తప్పే. కానీ ఒక్క విషయం వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. వాళ్ల ఐదుగురు రోగుల్లో నలుగురికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు, ఉంది. పిక్క మీద పుండుకి పేగులతో సంబంధం ఉందని తొంభై ఏళ్ల కిందటే కాగితం మీద పెట్టారు.

నేను చెబుతున్న పేషెంటు కథ కూడా అక్కడికే వచ్చింది. మోషన్‌లో రక్తం ఏమైనా పడుతోందా అని అడిగితే మొహం పక్కకి తిప్పుకున్నారు. ఏడాదిగా పడుతోందట. పైల్స్ అనుకుని ఊరుకున్నారు. "కాలు చూసే డాక్టర్‌కి ఆ విషయం ఎందుకు చెబుతాను?" అన్నారు. ఆవిడ చెప్పలేదు, అంతకుముందు ఎవరూ అడగనూ లేదు. ఈ పుండు వచ్చినవారిలో దాదాపు సగం మందికి లోపల ఇంకో జబ్బు ఉంటుంది. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే ఇంకో పేగు జబ్బు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బు, కొన్ని రక్త సంబంధ జబ్బులు. అందుకే కాలు చూపించడానికి వచ్చిన మనిషిని పొట్ట గురించి, కీళ్ల గురించి అడుగుతాం, రక్తం తీస్తాం, అవసరమైతే కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపలికి కెమెరా పంపి చూసే పరీక్ష, అంటాం. అనవసరపు టెస్టులు అనుకోకండి.

ఇది పీజీ అని ఒక్క ముక్కలో తేల్చే పరీక్ష మాత్రం లేదు. 2018లో నిపుణులు కలిసి కొన్ని ప్రమాణాలు తయారుచేశారు. వాటిలో ప్రధానమైనది పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో న్యూట్రోఫిల్స్ గుంపుగా కనిపించడం. కోయొద్దని ఇంతసేపు చెప్పి ఇప్పుడు బయాప్సీ అంటావేంటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చిన్న ముక్క తీస్తే పుండు కాస్త రేగే అవకాశం ఉంది, నిజమే. తీయకపోతే జరిగే నష్టం అంతకన్నా పెద్దది. టీబీ పుండు, ఫంగస్ పుండు, రక్తనాళాల వాపు, చర్మ క్యాన్సర్, సిరల్లో రక్తం నిలిచిపోయి వచ్చే పుండు, ఇవన్నీ దీని వేషం వేసుకుని రాగలవు. పీజీకి వాడే స్టిరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, దాన్ని ఫంగస్‌కి ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. 2002లో మేయో క్లినిక్ నుంచే వచ్చిన ఒక అధ్యయనంలో, పీజీ అని ముద్రపడిన కేసుల్లో సుమారు 10 శాతం వేరే జబ్బులని తేలింది. అంటే పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. పీజీని ఇన్ఫెక్షన్ అనుకుని కోసేవారూ ఉన్నారు, ఇన్ఫెక్షన్‌ని పీజీ అనుకుని స్టిరాయిడ్ రాసేవారూ ఉన్నారు. మేం చర్మవైద్యులం మొదటి తప్పు గురించి గొంతు చించుకుంటాం, రెండోదాని గురించి కాస్త మెల్లగా మాట్లాడతాం.

చికిత్సకి వద్దాం. పుండు చిన్నదైతే ఘాటైన స్టిరాయిడ్ క్రీమ్ క్లోబెటసాల్, లేదా టాక్రోలిమస్ పూతతోనే ప్రయత్నించవచ్చు. పెద్దదైతే, వేగంగా పాకుతుంటే నోటి మందు కావాలి. ముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు చేయిస్తాం. రోగనిరోధక శక్తిని తగ్గించబోతున్నాం కాబట్టి నిద్రపోతున్నవి లేవకూడదు. దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవి ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్, రోగనిరోధక శక్తిని తగ్గించే సైక్లోస్పోరిన్. ఏది మేలో తేల్చడానికి బ్రిటన్‌లో ఒక ట్రయల్ చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఇంత అరుదైన జబ్బుకి 121 మందిని చేర్చడమే గొప్ప. ఆరు నెలలకి రెండు వైపులా పుండు పూర్తిగా మానినవారు 47 శాతం. తేడా లేదు. మందు ఎంపిక మనిషిని బట్టి ఉండాలని దీని అర్థం. షుగర్ ఉన్నవారికి స్టిరాయిడ్ ఇవ్వాలంటే జంకుతాం. బీపీ ఉన్నా, కిడ్నీ బలహీనంగా ఉన్నా సైక్లోస్పోరిన్ దగ్గర ఆగుతాం. ఇంకో సంగతి కూడా గమనించండి. ఆరు నెలల తర్వాత కూడా సగానికి పైగా మందికి పుండు పూర్తిగా మానలేదు. పదిరోజుల్లో తగ్గిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

వీటికి లొంగకపోతే, లేదా పేగు జబ్బు కూడా ఉంటే, టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లున్నాయి. వాటిలో ఒకటైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ మీద 30 మందితో జరిగిన ట్రయల్‌లో రెండు వారాలకే మందు తీసుకున్నవారిలో 46 శాతం మందికి మెరుగు కనిపించింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 6 శాతం. మన పేషెంటుకి చివరికి పని చేసింది ఇన్‌ఫ్లిక్సిమాబే. పేగూ కాలూ ఒకే మందుకి లొంగాయి.

స్టిరాయిడ్ గురించి ఒక్క మాట. నొప్పి తగ్గగానే మానేసేవాళ్లు ఉన్నారు. హఠాత్తుగా ఆపితే పుండు తిరగబెట్టడం ఒకటి, వారాల తరబడి వాడాక శరీరం తన స్టిరాయిడ్ తయారీ తగ్గించుకుంటుంది కాబట్టి ప్రాణం మీదికి రావడం ఇంకొకటి. మెల్లగా దిగాలి.

పుండు సంరక్షణలో మొదటి సూత్రం, అంటుకోని డ్రెస్సింగ్. ఎండి అతుక్కుపోయిన గాజుగుడ్డని లాగడమంటే రోజూ చిన్న ఆపరేషన్ చేసినట్టే. సెలైన్‌తో నాననిచ్చి, దానంతటదే జారేదాకా ఆగాలి. టేపు చర్మానికి వేయొద్దు, కట్టు మీద వేయండి. కాలు వాచి ఉంటే, ధమనుల్లో రక్తప్రసరణ బాగుందని చూశాక, ఒత్తిడి కట్టు వేస్తే చాలా మేలు. అసలు కత్తే ముట్టుకోకూడదా అంటే, జబ్బు మందులతో అదుపులోకి వచ్చాక అవసరమైతే ముట్టుకోవచ్చు. ముందు వెనక తారుమారు కాకూడదు, అంతే.

మందు పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? అందరూ పుండు సైజు చూస్తారు. అది చివర మారేది. ముందు నొప్పి తగ్గుతుంది, తర్వాత అంచుకున్న వంకాయ రంగు వెలుస్తుంది, డొల్ల మూసుకుని అంచు కిందికి అతుక్కుంటుంది. ఆ తర్వాతే పుండు చిన్నదవడం మొదలవుతుంది. ఆవిడ విషయంలో మాకు మొదటి కబురు చెప్పింది నర్సు. "సార్, ఇవాళ ట్రాలీ చప్పుడుకి ఏడవలేదు" అంది. టేపుతో కొలిస్తే ఆ రోజుకి పుండు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గలేదు.

ఎనిమిది నెలలకి మానింది. మానిన చోట జల్లెడలా చిన్న చిన్న గుంటలతో మచ్చ మిగిలింది. ఈ జబ్బు మచ్చ తరచూ అలాగే ఉంటుంది, పోదు. ఆవిడ మచ్చ గురించి బాధపడలేదు గానీ, మళ్లీ వస్తుందా అని ప్రతిసారీ అడుగుతారు. రావచ్చు. బ్రిటన్ ట్రయల్‌లో కూడా మానినవారిలో సుమారు 30 శాతం మందికి తిరగబెట్టింది. రాదని చెప్పి పంపడం నాకు చేతకాదు. అందుకని ఒక చీటీ రాసిచ్చాను: "ఈమెకి పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ ఉంది. ఏ ఆపరేషన్‌కైనా ముందు చర్మవైద్యులతో మాట్లాడండి." లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నారు. రెండేళ్ల తర్వాత గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి ఆపరేషన్ అన్నప్పుడు ఆ చీటీ సర్జన్ చేతిలో పెట్టారట. ఆయన నాకు ఫోన్ చేశారు. ఆపరేషన్ రోజుల్లో జబ్బు అదుపు తప్పకుండా ముందే మందులు సర్దాం. పొట్ట మీది నాలుగు చిన్న గాట్లూ మామూలుగా మానాయి.

ఇక మీరు అడగండి. కాలి గురించే కాదు, పొట్ట గురించి కూడా అడగవచ్చు.