సౌండ్ రాలేదని సిస్టమ్ ఫార్మాట్ కొట్టకండి

అందరికీ నమస్కారం. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవం జరుపుకుంటున్న విద్యార్థులకు, మీ అధ్యాపకులకు అభినందనలు. నాకిచ్చిన అంశం 'ఓపెన్ సోర్స్ భవిష్యత్తు'. దాని గురించి తర్వాత చెబుతాను. ముందు లాప్‌టాప్‌లో సౌండ్ సంగతి తేల్చాలి. వీడియో పెడితే మాట వినపడకపోతే, ఎంత ఆశయంతో లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్నవాళ్లయినా వెనక్కి పోతారు.

పాట మీ చెవిదాకా రావడానికి మధ్యలో మూడు మజిలీలున్నాయి. అడుగున డిజిటల్ సౌండ్‌ను స్పీకర్‌కు పంపే సిగ్నల్‌గా మార్చే కోడెక్ చిప్, చాలా లాప్‌టాప్‌లలో రియల్‌టెక్‌ది. దాని పైన, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఉండి ఆ చిప్‌ను నడిపే ఆల్సా డ్రైవర్. యారోస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టిన ఈ ఆల్సా 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో స్థిరపడింది. ఆ పైన, అప్లికేషన్ల సౌండ్‌ను కలిపి ఎటు పంపాలో చూసే సౌండ్ సర్వర్. ఒకప్పుడు పల్స్ఆడియో ఉండేది. లినక్స్ రకాలైన ఫెడోరా 2021లో, ఉబుంటు తన 22.10 వెర్షన్‌లో దాని చోట పైప్‌వైర్‌ను పెట్టాయి. మనం వెతకాల్సింది ఒక్కటే: సౌండ్ ఈ మూడింటిలో ఎక్కడ ఆగింది?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. నా బాధంతా అదే. నెట్‌లో వెతికితే ఆల్సా-బేస్, పల్స్ఆడియో రెండూ పర్జ్ చేసి, అంటే సెట్టింగులతో సహా తీసేసి, మళ్లీ ఎక్కించమనే సలహా ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పని చేయకండి. డ్రైవర్ కెర్నెల్‌లో ఉందని ఇప్పుడే చెప్పుకున్నాం కదా! ఆల్సా-బేస్ ప్యాకేజీలో ప్రధానంగా ఉండేవి డ్రైవర్‌ను ఎలా లోడ్ చేయాలో చెప్పే మోడ్‌ప్రోబ్ సెట్టింగులు. దాన్ని పీకి మళ్లీ పెట్టినా డ్రైవర్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. పాత ఉబుంటులో పల్స్ఆడియో పీకితే మాత్రం ఉబుంటు-డెస్క్‌టాప్ ప్యాకేజీ కూడా దానితోపాటు పోతుంది. ఆపైన, ఇక అక్కర్లేవనుకున్న ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ కొడితే డెస్క్‌టాప్ భాగాలు కూడా ఊడిపోవచ్చు. ఏమేం పోతాయో టెర్మినల్ ముందే జాబితా ఇస్తుంది. అది చదవకుండా 'వై' నొక్కకండి, దయచేసి.

సరే, మొదటి మజిలీకి వద్దాం. టెర్మినల్‌లో 'ఏప్లే -ఎల్' కొట్టండి, చిన్న ఎల్. సౌండ్ కార్డు కనిపించకపోతే, సెట్టింగ్స్‌లో 'డమ్మీ అవుట్‌పుట్' అని మాత్రమే ఉంటే, కెర్నెల్ సందేశాలు చూపే 'సుడో డీమెసేజ్' (టైప్ చేసేటప్పుడు డీ, ఎం, ఈ, ఎస్, జీ) తీసి అందులో 'సాఫ్' అనే మాట కోసం చూడండి. ఎస్, ఓ, ఎఫ్: సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్. చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో మైకు డిజిటల్‌ది, నేరుగా చిప్‌సెట్‌కు కలిపి ఉంటుంది. అక్కడ ఈ సాఫ్ డ్రైవర్ పనిచేయాలంటే విడిగా ఒక ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే చిప్ లోపల నడిచే ప్రోగ్రాం, కావాలి. అది లేకపోతే మైకే కాదు, స్పీకర్ కూడా మూగబోతుంది. డెబియన్‌లో 'ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్', ఫెడోరాలో 'ఆల్సా-సాఫ్-ఫర్మ్‌వేర్', ఆర్చ్‌లో 'సాఫ్-ఫర్మ్‌వేర్' అనే ప్యాకేజీ వేసి రీబూట్ చేయండి.

కార్డు ఉంది, సౌండ్ లేదు. అప్పుడు 'ఆల్సామిక్సర్' తెరవండి. తెరవగానే కనిపించేది సౌండ్ సర్వర్ తాలూకు ఒకే ఒక్క గీత కావచ్చు. చాలామంది అది చూసి మూసేస్తారు. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకోండి. మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్ వరుసగా వస్తాయి. గీత కింద 'ఎంఎం' అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. బాణం గుర్తుతో అక్కడికి వెళ్లి 'ఎం' నొక్కితే 'ఓఓ' అవుతుంది. కుడివైపు చివరిదాకా వెళ్లండి, 'ఆటో-మ్యూట్ మోడ్' ఉండొచ్చు. హెడ్‌ఫోన్ జాక్ పాడై, ఏమీ పెట్టకపోయినా ఏదో పెట్టినట్టు చెబుతుంటే, స్పీకర్‌ను ఆపేస్తున్నది ఇదే. డిసేబుల్ చేసి, బయటికొచ్చి 'సుడో ఆల్సాకంట్రోల్ స్టోర్' కొట్టండి. టైప్ చేసేటప్పుడు కంట్రోల్ అంటే సీ, టీ, ఎల్.

అన్నీ తెరిచే ఉన్నాయా? అయితే 'డబ్ల్యూపీకంట్రోల్ స్టేటస్' చూడండి. సింక్స్, అంటే సౌండ్ బయటికెళ్లే దారులు, వాటి కింద నక్షత్రం గుర్తు హెచ్‌డీఎంఐ పక్కన ఉంటే, పాట మీరు తగిలించని టీవీకి పోతోందన్నమాట. స్పీకర్ పక్కనున్న అంకె చూసుకుని 'డబ్ల్యూపీకంట్రోల్ సెట్-డిఫాల్ట్' పక్కన వేయండి. పైప్‌వైర్‌ను, దానికి దారులు కలిపే వైర్‌ప్లంబర్‌ను రీస్టార్ట్ చేయాల్సి వస్తే 'సిస్టమ్‌కంట్రోల్ --యూజర్' తోనే చేయండి, ముందు సుడో పెట్టకండి. అవి మీ యూజర్ ఖాతాలో నడిచే సర్వీసులు, రూట్ అనే అడ్మిన్ ఖాతావి కావు.

విండోస్ కూడా ఉన్నవాళ్లు చేతులెత్తండి. అబ్బో, సగం మంది! విండోస్ నుంచి నేరుగా రీస్టార్ట్ చేసి లినక్స్‌లోకి వస్తే, కోడెక్ కొన్నిసార్లు విండోస్ వదిలిన స్థితిలోనే ఉండిపోతుంది. విండోస్ సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆన్ చేయండి. పాట మొదలయ్యే ముందు 'టప్' మని శబ్దం వస్తుంటే పవర్ పొదుపును అనుమానించాలి. కొంతసేపు సౌండ్ లేకపోతే డ్రైవర్ కోడెక్‌ను నిద్రపుచ్చుతుంది. మోడ్‌ప్రోబ్ సెట్టింగుల్లో 'ఎస్ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్' కు 'పవర్_సేవ్=0' ఇస్తే ఆ శబ్దం ఆగుతుంది, బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. అక్కడే ఎవరి లాప్‌టాప్ నుంచో తెచ్చి అతికించిన 'మోడల్=' వరుస కనిపిస్తే తీసేయండి. కోడెక్ వేరైతే మందు కూడా వేరే.

ఒక్కటి మాత్రం మిక్సర్‌తో కుదిరే పని కాదు. హెడ్‌ఫోన్‌లో బాగా వినపడి, స్పీకర్ మాత్రం అస్సలు పలకని కొత్త మోడళ్లున్నాయి. వాటిలో కోడెక్‌కూ స్పీకర్‌కూ మధ్య సిర్రస్ సీఎస్35ఎల్41 లాంటి ఆంప్లిఫయర్ చిప్ ఉంటుంది. దాన్ని మేల్కొలిపే కోడ్, ఫర్మ్‌వేర్ మీ కెర్నెల్‌లో లేకపోతే ఎన్ని గీతలు పెంచినా లాభం లేదు. కొత్త కెర్నెల్ ఉన్న లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి చూడండి. అక్కడ పలికితే కెర్నెల్ మార్చుకుంటే చాలు.

అక్కడా పలకకపోతే 'ఆల్సా-ఇన్ఫో' స్క్రిప్టును '--నో-అప్‌లోడ్' తో నడిపి, వచ్చిన ఫైలును చదివి చూసుకుని, లాప్‌టాప్ మోడల్, కెర్నెల్ నంబరు, హెడ్‌ఫోన్ పలుకుతోందో లేదో రాసి ఆల్సా డెవలపర్లకు పంపండి. రియల్‌టెక్ డ్రైవర్‌లో ఏ మోడల్‌కు ఏ మరమ్మతు కావాలో చెప్పే పెద్ద పట్టిక ఉంది. చాలా మోడళ్లకు అందులో ఒక్క వరుస చేరిస్తే సరిపోతుంది, కానీ ఆ వరుసకు కావలసిన, మోడల్‌ను గుర్తుపట్టే నంబరైన సబ్‌సిస్టమ్ ఐడీ మీ యంత్రంలోనే ఉంది. సౌండ్ రాని లాప్‌టాప్ ఉన్నవాళ్లు ఛార్జర్‌తో సహా పక్క గదికి రండి. ఆ ఫైలు అక్కడే తీద్దాం.